దొమితీలా పిడికిలి

శిలువ పండుగనాడు వాన కోసం కొండమీది పెన్యాబ్లాంకా ఊరికి కొట్లాటకు వచ్చే ఆడవాళ్ళు ముందు కుండలు దింపుతారు. ఒకరి మూతి ఒకరు పగలగొట్టుకునే ముందు ఒకరి పులుసు ఒకరు రుచి చూడాలి, అది అక్కడి మర్యాద. ఉప్పు తక్కువైతే అక్కడికక్కడే అనెయ్యాలి. కడుపులో ఏదీ దాచుకోకూడదు. కక్ష పెట్టుకుని కొట్టిన దెబ్బకి వాన రాదు, వడగళ్ళు పడతాయి, మొలిచిన మొక్కజొన్న మట్టిలో కలుస్తుంది. ఈ మాట ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు.

ఆ ఏడు దొమితీలా కుండ లేకుండా వచ్చింది.

కింద ఊరు అతెంపా నుంచి కొండెక్కిన ఆడవాళ్ళందరి వీపుల మీదా టర్కీ కోడి పులుసు కుండలూ, బట్టలో చుట్టిన మొక్కజొన్న రొట్టెలూ ఉన్నాయి. దొమితీలా ఒట్టి చేతులు ఊపుకుంటూ నడిచింది. వెనక ఆమె తమ్ముడు హసింతో, వాడి వెనక దాయాదుల్లో వయసు మగవాళ్ళు కొందరు, నడుముకి మచ్చుకత్తులతో. ఆ కొండల్లో కత్తి కట్టని మగవాడు ఉండడు గనక కత్తుల సంగతి ఎవరూ అడగలేదు. కుండ సంగతి మాత్రం అందరూ చూశారు. కమానుల కింద మెట్ల మీద కూర్చుని తింటున్న పెన్యాబ్లాంకా ఆడవాళ్ళ దవడలు ఆగిపోయాయి.

"తినడానికి రాలేదన్నమాట," అంది ఒకతె.

"ఎందుకొచ్చిందో మనకి తెలీదా? నోరు ముయ్యి," అంది పక్కనున్నది.

దొమితీలాది సున్నం బట్టీ. ఆ కొండంతా తెల్లరాయి, కాలిస్తే సున్నం. మొక్కజొన్న సున్నంలో ఉడకకపోతే పొట్టు ఊడదు, పొట్టు ఊడకపోతే రొట్టె రాదు. అందుకని చుట్టుపక్కల ఏ ఇంట్లో పొయ్యి వెలిగినా అందులో దొమితీలా చెయ్యి ఉన్నట్టే. మొగుడు టొమాటో తోటల్లో కూలికని ఉత్తరాదికి పోయి అక్కడ ఇంకో కాపురం పెట్టాడు. "పెట్టుకోనీ, దాని పొయ్యికి మాత్రం నా సున్నం అందదు," అని ఊరుకుంది. సమ్మెట పట్టి రాయి కొట్టింది, బట్టీ పేర్చింది, ఒక్కగానొక్క కొడుకు సెల్సోని పెంచింది. సమ్మెట ఇచ్చిన భుజాలు ఆమెవి. సున్నం తిన్న వేళ్ళు, బిగిస్తే మళ్ళీ విప్పడం ఆమెకే కష్టమయ్యే పిడికిలి.

ఆ తెల్లకొండ తీరే వేరు. దాని మీద చెరువు నిలవదు, వాగు పారదు. పడ్డ వాన పడ్డట్టే రాతి పగుళ్ళలోకి దిగిపోతుంది. పెన్యాబ్లాంకా దాటాక ఊరి నెత్తి మీద ఒక పెద్ద బిలం ఉంది. దాన్ని ముసలమ్మ గొంతు అంటారు. అందులో రాయి వేస్తే చప్పుడు పైకొచ్చేలోపు పరలోక జపం సగం చెప్పుకోవచ్చు. ఆ గొంతు మింగిన నీళ్ళే కొండ కడుపులో నడిచి నడిచి కింద అతెంపాలో ఊటగా పైకొస్తాయి. అంటే పైవాళ్ళ నెత్తిన పడ్డ వాన కిందవాళ్ళు తాగుతారు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా పైవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, కిందవాళ్ళకి నవ్వొస్తుంది.

పైవాళ్ళకి ఇంకో జబ్బు కూడా ఉంది. రాతి కమానులు, ఇనప కటకటాల మేడలు, జంట గంటల గుడి చూపించి, మా తాత స్పెయిన్ నుంచి గుర్రమెక్కి వచ్చాడు అంటారు. నిజమే, వచ్చాడు. కానీ ఆ తాతకి రొట్టెలు కాల్చిపెట్టి, బిడ్డల్ని కని ఇచ్చిన అవ్వ అతెంపా పిల్ల అన్న ఊసు మాత్రం ఒక్కడూ ఎత్తడు. ఏడాదికొక్క రోజు, ముసలమ్మ గొంతు దగ్గర, తాతని ఇంట్లో పెట్టి ఆ అవ్వ రక్తంతోనే వస్తారు. గుడిలో ఫాదరు ఆ రోజు తలుపు గడియ పెట్టుకుని లోపల కూర్చుంటాడు. ఆయనకీ వాన కావాలి మరి.

కొట్లాట పద్ధతి తేలికే. బిలం పక్కన రెండూళ్ళ ఆడవాళ్ళూ ఎదురెదురుగా నిలబడతారు. ఎవరు ఎవరి ముందుకొచ్చి నిలబడితే వాళ్ళిద్దరికీ జత. కాదనడానికి లేదు. పిడికిలి తప్ప ఇంకేమీ వాడకూడదు. జుట్టు పట్టకూడదు, గోరు తగలకూడదు. కారిన రక్తాన్ని పెద్దావిడ సొరకాయ బుర్రలో పట్టి బిలం గొంతులో పోస్తుంది. బరిలో ఎంత మాటైనా అనుకోవచ్చు, దాన్ని బరి దాటించకూడదు. చివరికి పడిపోయినదాన్ని పడగొట్టినదే చెయ్యిచ్చి లేపాలి. లేపితే అది వానకిచ్చిన రక్తం. లేపకుండా వెళ్ళిపోతే అది పగ. ఆ తర్వాత సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, కత్తులతో. దొమితీలా అమ్మమ్మ చిన్నతనంలో ఒకసారి ఒకతె లేపకుండా పోయిందట. ఆ రెండు ఇళ్ళలో ఇప్పుడు మేకలు కట్టేస్తున్నారు.

దొమితీలాకి జత ఎప్పుడూ రుఫీనాయే. రుఫీనాది పెన్యాబ్లాంకాలో రొట్టెల బట్టీ, గుడి ఎదురుగా, కమానుల పక్కనే. పిండి పిసికిన చేతులు రాయి కొట్టిన చేతులకి ఏమీ తీసిపోవు. వయసులో ఉండగా మొదటిసారి తలపడినప్పుడు రుఫీనా గుద్దుకి దొమితీలా ముందు పన్ను ఊడింది. ఊడగొట్టినదే, పుండు మానేదాకా మెత్తటి గోధుమ రొట్టె పాలలో ముంచుకోమని కిందికి పంపింది. "పన్ను తీసుకుని రొట్టె ఇచ్చావు, నాకే లాభం," అని దొమితీలా కబురంపింది. అక్కణ్ణుంచి స్నేహం. సెల్సో పుడితే జ్ఞానస్నానానికి వాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నది రుఫీనా. వాడికి ఆమె జ్ఞానతల్లి. దాంతో ఈ ఇద్దరూ ఒకరికొకరు 'కొమాద్రే' అయ్యారు. అక్కడ తోడబుట్టినదాన్నైనా తిట్టొచ్చు గానీ కొమాద్రేని తిట్టకూడదు. కొట్టొచ్చు, ఏడాదికొకసారి.

పోయినేడు దొమితీలా గెలిచింది. రుఫీనాని లేపింది, కౌగిలించుకుంది, పులుసు తాగి బట్టీ మీద పని ఉందని కిందికి దిగింది. సెల్సో పండుగ చూస్తానని ఆగాడు. పొద్దు వాలుతుండగా కమానుల కింద కుర్రకారు మెస్కాల్ సారా తాగుతూ కూర్చున్నారు. రుఫీనా కొడుకు నబోర్ అన్నాడట, "మా అమ్మ పడిపోలేదు, రాయి మీద కాలు జారింది," అని. సెల్సో ఊరుకోవచ్చు కదా! "జారిందా? జారితే కింద పళ్ళెందుకు రాలాయిరా?" అన్నాడు. బరిలో మాట బరి దాటించారు వెధవలు ఇద్దరూ. దీపాలు పెట్టేవేళకి సెల్సోని రొట్టెల బట్టీ బల్ల మీద వేసుకుని కిందికి మోసుకొచ్చారు.

శవాన్ని కడిగింది హసింతో. పక్కటెముకల కింద ఒకే ఒక్క పోటు, ముందు నుంచి. సెల్సో కత్తి నడుముకే ఉంది, ఒరలో, బొత్తాం పెట్టి ఉంది.

అదే దొమితీలాని తినేసింది. పెన్యాబ్లాంకా ఊరు ఊరంతా ఒకటే మాట: సెల్సోయే ముందు దూశాడు, నబోర్ ప్రాణం కాపాడుకున్నాడు. దూసినవాడి కత్తి ఒరలోకి ఎలా పోయింది? అతెంపాలో మాత్రం గొంతు తగ్గించి ఇంకో మాట: పాపం, దూయడానికి కూడా ధైర్యం చాల్లేదేమో. ఈ రెండో మాట మొదటిదానికంటే లోతుగా దిగింది. పిరికివాడైతే పారిపోయేవాడు, పోటు వీపున పడేది. ఎదురుగా నిలబడి, కత్తి ఒరలో పెట్టుకుని, కోడిపిల్లలా పొడిపించుకుంటాడా వాడు? సమ్మెట ఎత్తిన ప్రతిసారీ ఇదే ప్రశ్న. ఏడాది పొడుగునా రాయి కొట్టింది. ఊరికి కావలసినదానికి రెట్టింపు సున్నం కాల్చింది. కంట్లోంచి చుక్క రాలేదు. ఏం జరిగిందో తెలియకుండా దేనికని ఏడవాలి?

మాట పెరగగానే మిగతా కుర్రకారు జారుకున్నారు, చూసిన మనిషి రుఫీనా ఒక్కతే. ఆమె బట్టీ కమానులకి ఎదురే. కానీ రెండు ఇళ్ళ మధ్య రక్తం పడితే మాట చచ్చిపోతుంది, ఆ కొండల్లో అంతే. అయ్యో అనడానికి కూడా గడప తొక్కకూడదు. ఆ మాట మళ్ళీ పుట్టగలిగిన చోటు ఒక్కటే, ముసలమ్మ గొంతు దగ్గరి బరి. నబోర్‌ని పట్టుకుందామంటే, ఆ కొండ పుచ్చిన పన్నులా లోపలంతా గుహలే. వాడు అందులో దూరి కూర్చున్నాడు. ఊరివాళ్ళు మోసుకెళ్ళి తిండి పెడుతున్నారు. తన ప్రాణం కాపాడుకున్నవాడికి పెట్టడం వాళ్ళ లెక్కలో పుణ్యం.

కొండెక్కుతూ హసింతో అన్నాడు, "అక్కా, పడగొట్టు. లేపకు. నువ్వు లేపకుండా ఇవతలికి రా, మిగతాది మేం చూసుకుంటాం. గుహలో ఉన్న ఎలక్కి తిండి పెట్టే ప్రతి చెయ్యీ నరుకుతాం."

"నాకు వాళ్ళ చేతులొద్దురా. ఆమె నోరు కావాలి," అంది దొమితీలా.

"నోరు విప్పాక?"

దొమితీలా నడక పెంచింది.

*

బరిలో వరసలు కట్టారు. బుర్ర పట్టుకున్న పెద్దావిడ లుగార్దా, ముక్కు మూడుచోట్ల వంకరపోయిన ముసలిది, నోటితోనే సగం ఊరిని కొడుతుంది. దొమితీలా నేరుగా నడిచి రుఫీనా ముందు నిలబడింది. పక్కజతలు కొట్లాట మొదలెట్టకుండా ఇటే చూస్తున్నాయి.

"పిల్లలారా, ఇంకో జత చూసుకోండర్రా. మీ ఇద్దరికీ ఈ ఏడు వద్దు," అంది లుగార్దా.

"నిలబడ్డాను అవ్వా. కాదనడానికి లేదు," అంది దొమితీలా.

రుఫీనా చిక్కిపోయింది. పిండి పిసికే చేతులు సగమయ్యాయి. వాటిని రెండు పక్కలా వేలాడేసి నిలబడింది.

"చెయ్యెత్తు."

"ఎత్తను కొమాద్రే. నీకెంత కావాలో అంత కొట్టు."

"ముష్టి వేస్తున్నావా నాకు?" దొమితీలా పిడికిలి రుఫీనా నోటి మీద పడింది. పెదవి చిట్లి గడ్డం దాకా ఎర్రబడింది. రుఫీనా తూలి, నిలదొక్కుకుని, మళ్ళీ చేతులు వేలాడేసింది. రెండోది చెంప మీద. మూడోది కంటి కింద. ఎముకకి ఎముక తగిలిన చప్పుడు అందరికీ వినబడింది. ఆమె చెయ్యి ఎత్తలేదు.

లుగార్దా బుర్ర వెనక్కి తీసింది. "చెయ్యెత్తనిదాని రక్తం నేను పట్టను. ఇది వానకి పనికిరాదు, దేనికీ పనికిరాదు. ఎత్తవే రుఫీనా! లేకపోతే చుట్టాలింటికొచ్చినదానిలా పోయి ఆ మూల కూర్చో!"

"ఎత్తదవ్వా," అంది దొమితీలా, రుఫీనా మొహంలో మొహం పెట్టి. "వీళ్ళింట్లో ఎత్తేది ఒక్కడే. వాడు కూడా ఎదుటివాడు ఎత్తనప్పుడే ఎత్తుతాడు. నా సెల్సో ముందు ఉచ్చ పోసుకున్నాడట కదా నీ కొడుకు? ఆ తడి ఆరలేదనేనా గుహలో దాక్కుంది? నువ్వు కన్నది కొడుకునా, గబ్బిలాన్నా?"

తల్లి కదా. చెయ్యి దానంతటదే లేచింది. రుఫీనా గుద్దు దొమితీలా కనుబొమ్మ మీద పడి చర్మం చీలింది, రక్తం కంట్లోకి దిగింది. దొమితీలా నవ్వింది. ఏడాదిలో మొదటిసారి నవ్వింది.

"ఆఁ. ఇప్పుడు రా."

అక్కణ్ణుంచి అది కొట్లాట అనడానికి లేదు. ఒకతె కడుపులో గుద్దితే ఇంకొకతె పక్కటెముకల్లో గుద్దింది. దొమితీలా కుడిచేతి కణుపులు పగిలి తెల్లగా ఎముక కనబడింది. రుఫీనా ముక్కు ఒక పక్కకి పోయింది, ఆమె నోటితో గాలి పీలుస్తూ, పీల్చినప్పుడల్లా రక్తం మింగుతూ కొట్టింది. లుగార్దా బుర్ర పట్టుకుని ఇద్దరి చుట్టూ తిరగలేక తిరిగింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య దొమితీలా అడుగుతూనే ఉంది.

"నా కొడుకు ముందు దూశాడా?"

"ఇద్దరూ దూశారు."

"అబద్ధం!" గుద్దు. "అయితే ఒరలో ఎలా ఉంది?"

"అడక్కు కొమాద్రే."

"ఒరలో ఎలా ఉంది? బొత్తాం ఎవరు పెట్టారు? చచ్చినవాడు బొత్తాం పెట్టుకుంటాడా?"

"అడక్కే! నీ కాళ్ళు పట్టుకుంటాను, అడక్కు!"

దొమితీలా ఆమె గుండెల మీద గుద్దింది. సమ్మెటతో రాయిని ఎక్కడ కొడితే పగులుతుందో తెలిసినదాని గుద్దు అది. రుఫీనా మోకాళ్ళ మీద పడింది. బిలం అంచు ఆమె వెనక రెండు బారల దూరంలో ఉంది, చల్లటి గాలి అందులోంచి పైకి కొడుతోంది. లేవబోయింది, లేవలేక అలాగే ఉండిపోయింది. అప్పుడు నోరు తెరిచింది. మెల్లగా కాదు, అరిచింది. ఏడాది మింగినది ఒక్కసారిగా పైకొచ్చింది.

"నేనే పట్టుకున్నాను! వాణ్ణి నేనే పట్టుకున్నాను!"

రెండూళ్ళూ విన్నాయి.

"ఇద్దరూ కత్తులు దూశారు. నేను బట్టీ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి మధ్యలో దూరాను. నా కొడుకు నా మాట వినడు, నాకు తెలుసు. ఎప్పుడు విన్నాడు గనక? వినేవాణ్ణి పట్టుకున్నాను. సెల్సో నా మాట జవదాటడు కదా. వాణ్ణి పట్టుకుని, 'జ్ఞానమ్మని చెప్తున్నాను, దించు నాయనా' అన్నాను. దించాడు. అంత కోపంలో ఉన్నవాడూ టక్కున దించాడు. ఒరలో పెట్టి బొత్తాం కూడా పెట్టాడు, నాకు చూపించి. 'సరే జ్ఞానమ్మా, నువ్వు చెప్పావుగా' అన్నాడు. నేనింకా వాణ్ణి వదల్లేదు. వదిలి నా కొడుకు వైపు తిరగాల్సింది. వదల్లేదు. నా భుజం పక్కనుంచి వచ్చింది కత్తి. నా చేతుల్లో ఉండగానే..."

ఖాళీ చేతులు రెండూ ముందుకి చాపింది.

దొమితీలాకి గుర్తొచ్చింది. సెల్సో చిన్నప్పుడు ఒకసారి రుఫీనా చేతిలోంచి రొట్టె లాక్కుని ఆమెని ఛీ పో అన్నాడు. దొమితీలా వాణ్ణి ఒట్టి మోకాళ్ళతో సున్నపురాళ్ళ మీద కూర్చోబెట్టి, జ్ఞానతల్లి చెయ్యి ముద్దుపెట్టుకునేదాకా లేవనివ్వలేదు. "నా మాట కాదన్నా ఫర్వాలేదు, ఆమె మాట కాదంటే చేతులు విరుస్తా. ఆమె నోరెత్తితే నీ చెయ్యి దిగిపోవాలి," అని చెప్పింది. మోకాళ్ళు చీరుకుపోయాయి, మచ్చలు మిగిలాయి. ఆ కొండల్లో ప్రతి తల్లీ అలాగే చెబుతుంది. కానీ ఇంత బాగా నేర్పిన తల్లి తనొక్కతే అయ్యుండాలి.

పిరికివాడు కాదు. కత్తి దూశాడు, దించాడు. అమ్మ నేర్పినట్టే దించాడు.

దొమితీలా మోకాళ్ళ మీదున్న రుఫీనాని కొట్టింది. అలా కొట్టకూడదు, అయినా కొట్టింది. దవడ ఎముక విరిగిన చప్పుడుకి వెనకవరస ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. రుఫీనా పక్కకి ఒరిగి రాయి మీద పడింది, లేవలేకపోయింది. ఊపిరి ఉంది, రక్తం బుడగలు కడుతోంది.

ఇప్పుడు చూడాల్సింది ఒక్కటే. దొమితీలా చెయ్యిస్తుందా, వెనక్కి తిరుగుతుందా?

"వచ్చెయ్యక్కా. లేపకు," అన్నాడు హసింతో. వాడి చెయ్యి కత్తి పిడి మీద ఉంది.

దొమితీలా కదలకముందే కొండరాళ్ళ వెనక్నుంచి నబోర్ వచ్చాడు. గడ్డం పెరిగి, గుహ మట్టి పట్టి, చేతిలో కత్తితో అరుచుకుంటూ వచ్చాడు. తల్లిని కొడుతుంటే ఎంతసేపు చూస్తాడు? అక్కడికి వాడూ కొడుకే. వాడు కనబడటంతోనే హసింతో కత్తి దూసి దొమితీలా పక్కనుంచి దూకాడు.

దొమితీలా పట్టుకుంది. హసింతోని పట్టుకుంది. ఎడమచేత్తో వాడి నడుము వాటేసుకుంది, కుడిచేత్తో చెయ్యి పట్టుకోబోతే దొరికింది చెయ్యి కాదు, కత్తి. పదునున్న అలుగే పట్టుకుంది. వాడు విదిలించుకున్నాడు, అలుగు అరచేతిలో జారింది, వేళ్ళ నరాలు తెగాయి. వదల్లేదు. వాడు అక్క మొహం చూసి కాదు, అలుగు వెంట కారుతున్నది చూసి ఆగాడు.

"వదులక్కా! వాడు పొడుస్తాడు, వదులు!"

వదల్లేదు. హసింతో భుజం మీదుగా నబోర్‌ని చూసింది. వాడు కత్తి ఎత్తి రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"రారా నబోర్. పట్టుకునే ఉన్నాను," అంది. గొంతు పెంచలేదు. "వీడూ కదల్లేడు, చూడు. పొడు. పట్టుకుని ఉన్నవాణ్ణి పొడవడం నీకు అలవాటేగా."

నబోర్ చుట్టూ చూశాడు. ఏడాది పాటు తిండి మోసిన తన ఊరి మనుషులు తనవైపే చూస్తున్నారు. ఇంతకుముందు వాళ్ళకి తెలిసింది ప్రాణం కాపాడుకున్నవాడు. ఇప్పుడు విన్నది వేరు. కత్తి ఒరలో పెట్టినవాణ్ణి, జ్ఞానతల్లి చేతుల్లో ఉన్నవాణ్ణి పొడిచినవాడికి ఆ కొండల్లో నీళ్ళు కూడా పుట్టవు. లుగార్దా వాడి కాళ్ళ ముందు ఉమ్మేసింది. పెన్యాబ్లాంకా ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వాడికి వీపు చూపించారు. తల్లి వైపు చూశాడు. విరిగిన దవడతో ఆమె ఏదో అనబోయింది గానీ అది మాట కాలేదు.

వాడి చెయ్యి దిగింది. కత్తి రాయి మీద పడింది. కొండ అవతలి వైపు దిగి పోయాడు, వాడి వెంట ఎవరూ వెళ్ళలేదు. గుహలు ఇంకా చాలా ఉన్నాయి, రొట్టె మోసే చెయ్యి మాత్రం ఒక్కటీ లేదు. మళ్ళీ వాణ్ణి ఆ కొండ మీద చూసినవాళ్ళు లేరు.

దొమితీలా తమ్ముణ్ణి వదిలింది. కుడిచెయ్యి వేలాడుతోంది, వేళ్ళు చెప్పినట్టు వినడం లేదు. రుఫీనా దగ్గరికి వెళ్ళి ఎడమచెయ్యి ఇచ్చింది. రుఫీనా దాన్ని చాలాసేపు చూసింది, తనకిచ్చినదేనా అన్నట్టు. తర్వాత పట్టుకుని లేచింది. లేచి దొమితీలా మెడ చుట్టూ చేతులేసి బరువంతా ఆమె మీద వేసింది. దొమితీలా కౌగిలించుకోలేదు. తోసెయ్యనూ లేదు. ఆమె కాళ్ళు నిలబడేదాకా మోసింది.

లుగార్దా బుర్ర తెచ్చి దొమితీలా అరచేతి కింద పట్టింది. "పిడికిలితో కారింది కాదే ఇది, కత్తితో కారింది. పొయ్యనా వద్దా?" అని అడిగింది. ఆమె బతుకులో ఎవరినీ అనుమతి అడిగినది కాదు.

"పొయ్యి అవ్వా. మా ఊటలోకేగా వచ్చేది," అంది దొమితీలా.

కిందికి దిగుతున్నప్పుడు హసింతో తన చొక్కా చింపి ఆమె చేతికి కట్టాడు. రక్తం ఆగలేదు, ఇంకో పేలిక చింపి దాని మీద కట్టాడు. ఆ చెయ్యి తర్వాత ఎప్పుడూ పిడికిలి కట్టలేదు. బట్టీ పని ఎడమచేత్తో నేర్చుకుంది, కొట్లాటకి మళ్ళీ వెళ్ళలేదు. అప్పటికి ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. దాయాదులు వెనక వస్తున్నారు. అతెంపా కప్పులు కనబడే మలుపు దగ్గర హసింతో ఇక ఆగలేకపోయాడు.

"ఎందుకు లేపావక్కా? ఆమె పట్టుకోకపోతే మన సెల్సో బతికేవాడు కదా. ఆ పట్టుకున్నదాన్ని ఎలా లేపావు?"

"వాడు ఆమె మాట విని ఆగాడురా," అంది దొమితీలా. "దాన్ని అక్కడ పడేసి వస్తే వాడు ఆగిందంతా దండగైపోదూ? మీరు నరకడం మొదలెడతారు. ఇంక వాడు కత్తి దించి ఏం లాభం, బొత్తాం పెట్టి ఏం లాభం?"

నాలుగడుగులు వేసి మళ్ళీ అంది. "ఆగమని నేనే నేర్పాను. పెద్దవాళ్ళు చెప్తే చెయ్యి దించమని నేర్పాను. ఎదుటివాడు కూడా దించాడో లేదో చూసుకోమని నేర్పలేదురా. ఆ ఒక్కటీ నేర్పలేదు."

అక్కడే దారిలో కూలబడింది. అప్పుడు ఏడుపు వచ్చింది. ఏడాది రాయిలో కొట్టి కొట్టి దాచిన ఏడుపు కొండ మలుపంతా వినబడింది. హసింతో ఏం చెయ్యాలో తెలియక పక్కన కూర్చున్నాడు. వెనక వచ్చిన మగవాళ్ళు కొంచెం దూరంలో ఆగి, కత్తులు విప్పి కింద పెట్టి, ఆమె లేచేదాకా నిలబడ్డారు.